మునిగిన బాతు

కిందటి వారం మనం బాతును కాలువలో వదిలేసి వచ్చాం. అది ఇంకా అక్కడే ఉంది. నీళ్ల మీద కాదు, నీళ్ల అడుగున. పసుపుపచ్చ ముక్కు పైకెత్తుకుని, ఏమీ జరగనట్టు బురదలో నడుచుకుంటూ పోతోంది.

కొత్తగా కథలో చేరినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. అన్నయ్యా వదినా కలిసి ఒక వీడియో గేమ్ తయారుచేశారు. ఒక అమ్మాయి బాతుల మందను ఊళ్లు దాటించి అమ్మమ్మ ఇంటికి చేర్చాలి. ఓపికగా ఆడితే ఒక పూటలో అయిపోయే ఆట. ప్రోగ్రామంతా అన్నయ్యది, బొమ్మలూ చప్పుళ్లూ వదినవి. ఆ ఆటను లినక్స్ అనే వేరే సిస్టమ్ ఉన్న కంప్యూటర్లలో కూడా నడిచేలా మార్చే పని చెల్లెలిది. చిన్నప్పట్నించీ దేనికీ ఆగలేని పిల్ల కాబట్టి అన్నయ్య ఆమెకు తొందరమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది, అసలు పేరు కార్డుల మీదే మిగిలింది.

ఆటను అమ్మిపెట్టే పంపిణీ మేడమ్ తన కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని స్వయంగా వచ్చింది. లినక్స్ ఆట ఇవాళ తన కళ్లముందు సరిగ్గా నడిస్తే సరే, లేకపోతే ఆ పని బయటి కంపెనీకి అప్పగిస్తానని వస్తూనే చెప్పింది. చేతిసంచీ ఒళ్లోంచి దించకుండా కుర్చీ అంచున కూర్చుంది. ఆట మొదటి ఊరంతా దివ్యంగా నడిచింది. రెండో ఊళ్లో కాలువ దగ్గర మొదటి బాతు నీళ్లలోకి దిగింది. దిగినది దిగినట్టే మునిగిపోయింది.

"బాతు మునగడమేంటండీ?" అంది మేడమ్.

"ఒరిజినల్లో మునగదు మేడమ్," అన్నాడు అన్నయ్య, తననెవరూ అడగకముందే. "అది నేను రాసింది. దాంట్లో ఒక్క బాతుకీ ఏమీ కాలేదు. ఇది పోర్టింగ్‌లో వచ్చిన లోపం."

పోర్టింగ్ అంటే తొందరమ్మ చేసిన పనే. అన్నయ్య ఆ మాటను ఎంత మెత్తగా అన్నా, పరాయి మనిషి ముందు అన్నాడు. ఆమెకు చెవులు వేడెక్కాయి. అయినా ఆటను కాలువ ముందుకు తిప్పి, మళ్లీ నడిపింది. ఈసారి బాతులన్నీ తోకలు ఊపుకుంటూ హాయిగా ఈదుకుపోయాయి. మొదటిది కూడా.

ఇంకొకరైతే "చూశారా, బాగానే ఉంది" అని సంబరపడేవాళ్లు. తొందరమ్మకు మాత్రం అసలు బెంగ అప్పుడే పట్టుకుంది. ఎప్పుడూ మునిగే బాతును పట్టుకోవడం తేలిక. ఒకసారి మునిగి ఒకసారి తేలే బాతుతోనే తంటా. మూడోసారి నడిపింది. మునిగింది.

"వారం రోజుల్నించీ ఒకటే గొప్పలు," అన్నాడు అన్నయ్య. "నా పోర్టు ఒరిజినల్ కన్నా వేగం, నా పోర్టు ఒరిజినల్ కన్నా వేగం! అందుకేనే, పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు."

"నువ్వు పెట్టిన రూలే కదన్నయ్యా నేను పాటించాను? ప్రతిసారీ తాతయ్య మీద నడిపి చూశాకే సరే అనుకున్నాను. తాతయ్య మీద ఒక్క బాతూ మునగలేదు."

"అయితే తప్పు తాతయ్యదంటావా?"

తాతయ్య మనిషి కాదు. కళ్లద్దాల దుకాణం మీద ఉన్న ఆ గదిలో కిటికీ పక్క బల్ల మీద కూర్చున్న పాత కంప్యూటర్. పెట్టె రంగు మారి, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా గొంతు సవరించుకుంటున్నట్టు చప్పుడు చేస్తుంది. ఆ గదిలో ఏ పనైనా పూర్తయిందనాలంటే ముందు తాతయ్య మీద నడవాలి. తాతయ్య దాటితే అందరూ దాటినట్టే అనేది అన్నయ్య సిద్ధాంతం. ముసలి యంత్రం మోయగలిగిన బరువును కొత్తది మోయలేకపోతుందా? వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. అందుకే తొందరమ్మకూ కొత్త యంత్రం కొనివ్వలేదు. ఆమె బల్ల మీద ఉన్నది తాతయ్యకు తమ్ముడి వరస. గోడ మీద అన్నయ్య స్వదస్తూరీతో రాసి అంటించిన "నిదానమే ప్రధానం" ఈ రెండిటినీ చూసి రాసినట్టే ఉంటుంది.

ఆ గదిలో ఇంకో పాత వస్తువు ల్యాండ్‌లైన్ ఫోను. ఆట ఆడేవాళ్లకు కష్టమొస్తే నేరుగా తమకే చెప్పుకోవాలని అన్నయ్య ఆ నంబరును ఆట మొదటి తెర మీదే వేయించాడు. ఇంతవరకు దానికి వచ్చినవన్నీ కింద కళ్లద్దాల దుకాణానికి రావలసిన ఫోన్లే.

మేడమ్ సంచీ పట్టీని భుజానికి సర్దుకుంది. ఆ కదలిక తొందరమ్మ చూసింది.

"మేడమ్, కాస్త టైమివ్వండి. ఈ బాతు ఎందుకు మునుగుతోందో మీకు చూపించి పంపిస్తాను," అంది. గొంతులో బతిమాలడం లేదు. పోర్టు మొత్తం ఆమె చేతుల మీద నడిచింది. ఎక్కడో ఒక చోట ఏదో ఒకటి తప్పిందంటే అది కనపడి తీరాలి. అలాంటి నమ్మకం ఉన్నవాళ్లను చూస్తే నాకు కాస్త అసూయ, అది వేరే సంగతి.

"చూపించండి మరి," అంది మేడమ్. సంచీ మాత్రం భుజాన్నే ఉంది.

అంతసేపూ వదిన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన బల్ల దగ్గర ఏదో చప్పుడు సరిచేసుకుంటోంది. ఆవిడ ఎప్పుడూ అంతే. ఇల్లు కూలుతున్నా ముందు ఆ కూలే చప్పుడు ఎలా ఉందో వింటుంది. ఇప్పుడు హెడ్‌ఫోన్లు తీసి, తీగ పొడుగు లాక్కుంటూ వచ్చి మేడమ్ ల్యాప్‌టాప్‌కు గుచ్చింది.

"ఏమ్మా, ఆ బాతుని ఇంకోసారి ముంచు," అంది ఆడపడుచుతో.

"మునగమంటే మునుగుతుందా వదినా? దానికి బుద్ధి పుట్టినప్పుడు మునుగుతుంది."

"పుట్టేదాకా నడుపు."

నడిపింది. తేలింది. నడిపింది. తేలింది. పక్కనుంచి అన్నయ్య నిట్టూర్చాడు. మళ్లీ నడిపింది. మునిగింది.

వదిన కళ్లు చిట్లించింది. "నా బుడుంగు ఏదీ?"

"ఏంటి?"

"నా బుడుంగు! తడి సాక్సుని బకెట్లో జారవిడిచి, మూడు పూటలు కష్టపడి రికార్డు చేశానే. బాతు నీళ్లలో దిగితే ఆ చప్పుడు రావాలా వద్దా? తేలినప్పుడల్లా వచ్చింది. ఇప్పుడు మునిగింది కదా, మునిగినప్పుడు రాలేదు."

"మునిగింది కాబట్టి వినపడలేదేమో," అన్నాడు అన్నయ్య.

"మునిగితే ఇంకా పెద్దది రావాలి. అదీగాక అసలు చప్పుడే రాలేదనడం లేదు నేను. వేరేది వచ్చింది." వదిన హెడ్‌ఫోన్లు తొందరమ్మ తలకు తగిలించింది. "విను. టప్ టప్ మంటోంది కదా? అది నేను తడిపిన న్యూస్‌పేపర్ల ముద్ద మీద అరచేత్తో కొట్టి చేశాను. బురదలో అడుగేసిన చప్పుడు. నీ బాతు నీళ్లలో దిగలేదమ్మాయ్. ఎండిపోయిన కాలువలో దిగింది."

తొందరమ్మ తెర మీద కాలువను మరోసారి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి మేడమ్‌కు అనుమానం వచ్చింది, ఈ పిల్లకు మతి చలించిందేమోనని.

"అన్నయ్యా, నిలబడి నీళ్లు తాగమన్నావు చూడు," అంది తొందరమ్మ. "తాగడానికి నీళ్లేవి? నీళ్లింకా రాలేదు!"

మునిగినప్పటి బొమ్మలను రికార్డు చేసి ఒక్కొక్కటిగా ఆపి చూపించింది. మొదటి బొమ్మలో బాతు గట్టు మీద కాలెత్తింది. రెండో దాంట్లో కాలువ ఉంది, నీళ్లు లేవు. బాతు కాలు బురద మీద ఆనింది. మూడోదీ నాలుగోదీ అంతే. ఆ తర్వాతి బొమ్మలో నీళ్లు వచ్చి పైన కప్పుకున్నాయి, కింద బాతు. కన్నార్పేలోగా ఇదంతా అయిపోతుంది, కాబట్టి మామూలుగా చూసేవాళ్లకు బాతు మునిగినట్టే కనిపిస్తుంది. కాలికి నేల తగిలితే నడవమనీ, నీళ్లు తగిలితే ఈదమనీ బాతుకు చెప్పి ఉంది. పాపం దాని కాలికి నేల తగిలింది. చెప్పిన మాట విని నడిచింది.

"మరి నీళ్లు ఎందుకు ఆలస్యమయ్యాయి?" అంది మేడమ్. ఈసారి ఆవిడ గొంతులో నిజమైన కుతూహలం ఉంది.

"నీళ్లు ఆలస్యం కాలేదు మేడమ్, బాతే ముందొచ్చింది. ఊరు మొదలవగానే ఆట రెండు పనులు చెప్తుంది. కాలువ నింపు, బాతుల్ని తీసుకురా అని. తాతయ్యకి ఉన్నది ఒకటే చెయ్యి. ముందు చెప్పిన పని ముందు, వెనక చెప్పింది వెనక. ఎప్పుడు చూసినా ముందు నీళ్లు, తర్వాత బాతులు. మీ ల్యాప్‌టాప్‌కి బోలెడు చేతులు. అన్ని పనులూ ఒకేసారి అందుకుంటుంది. నీళ్లు బరువైన పని, బాతు తేలిక. ఒక్కోసారి బాతు ముందొచ్చేస్తోంది."

"అంటే నా మెషీన్ మరీ మంచిది కావడం వల్ల వచ్చిన చిక్కా ఇది?"

"నీళ్లొచ్చేదాకా ఆగమని బాతుకి ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు. మీ మెషీన్ బయటపెట్టింది."

'ఎవరూ' అన్న మాట దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గింది. అన్నయ్య వైపు చూడలేదు. నోటిదాకా వచ్చిన ఇంకో మాటను పళ్లతో పట్టి ఆపింది. తొందరమ్మ ఏదైనా అనకుండా ఆగడం ఆ గది ఎరగదు. వదిన మాత్రం ఆ ఆగిన మాట ఏమిటో తెలిసినట్టే ఆమె ముఖం చూసి, వెంటనే తల తిప్పుకుంది.

సరిచేయడానికి ఎక్కువ సేపు పట్టలేదు. కాలువలో నీళ్లు నిండాయని కబురు అందేదాకా ఏ బాతూ గట్టు దిగకూడదు, అంతే నియమం. కానీ నాలుగుసార్లు నడిపి తేలిందని చూపిస్తే సరిపోతుందా? ఇందాకా తేలింది కదా! అందుకని ఆమె ఇంకో పని చేసింది. కావాలని నీళ్లను ఆలస్యం చేసింది. కాలువ ఎండిపోయి పడి ఉంది. బాతుల మంద గట్టు దాకా వచ్చి ఆగింది. ముందున్నది తల అటూ ఇటూ తిప్పి చూసింది, వెనకది దాన్ని పొడిచింది, ఆఖరిది ఈకలు దువ్వుకుంది. నీళ్లు వచ్చాయి. అప్పుడు ఒకటి వెనక ఒకటి దిగాయి, బుడుంగు, బుడుంగు, బుడుంగు.

"హమ్మయ్య, నా సాక్సు!" అంది వదిన.

మేడమ్ పైకే నవ్వింది. "ఆగినప్పుడే బాగున్నాయండీ. అలా ఒకదాన్నొకటి పొడుచుకోవడం ఆటలో ఉంచెయ్యండి." సంచీ భుజం మీంచి తీసి నేల మీద పెట్టింది. "బయటి కంపెనీ అక్కర్లేదు. లినక్స్ పని మీదే."

తొందరమ్మకు ఒళ్లంతా తేలికైపోయింది. కుర్చీలోంచి లేచి ఒక గంతు వేయాలనిపించింది, వేయలేదు. మీదే అన్న ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్లనించో అన్నయ్య నీడలో పని చేసింది. అన్నయ్య చెల్లెలని కాదు, పని తెలిసిన మనిషని ఇవాళ ఒక పరాయి మనిషి అన్నది. ఆ సంతోషాన్ని చూపించుకోవడానికి అన్నయ్య వైపు తిరిగింది.

అన్నయ్య తాతయ్య ముందు నిలబడి ఉన్నాడు. ఫ్యాన్ గొంతు సవరించుకుంటోంది. ఆ పాత పెట్టె మీద చెయ్యి వేసి, జ్వరం చూస్తున్నవాడిలా అలాగే ఉంచాడు. ఏదైనా అర్థం కావడానికి అన్నయ్యకు కాస్త సమయం పడుతుంది. అర్థమయ్యాక మాత్రం దాన్నుంచి తప్పించుకునే రకం కాదు, అది ఒప్పుకోవాలి.

"నీళ్లు, బాతులు ఆ వరసలో రాసింది నేనే కదే?" అన్నాడు.

తొందరమ్మ గోడ మీది కాగితం వైపు చూపు తిప్పుకుంది.

"నువ్వు ఉన్నదున్నట్టు తెచ్చుకున్నావు. నీ వేగానికీ దీనికీ సంబంధం లేదు."

"ఇప్పుడెందుకులే అన్నయ్యా," అంది ఆమె నెమ్మదిగా. "మేడమ్ వెళ్లాక చూసుకుందాం."

"ఇప్పుడే చూద్దాం." నిదానమే ప్రధానం అని గోడకు అంటించిన మనిషి పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు. "మేడమ్, మీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ కాకుండా మామూలుగా అందరూ వాడే రెండో సిస్టమ్ కూడా ఉందన్నారు కదా. దాంట్లో నా ఆట పెట్టండి. ఒరిజినల్. దాని అమ్మకం ఇవాళ సాయంత్రం నించి కదా, ఈలోగా చూసేద్దాం."

మేడమ్ ఏదో చెప్పబోయి ఆగింది. ల్యాప్‌టాప్‌ను ఆపి, రెండో సిస్టమ్‌తో మళ్లీ తెరిచింది. అన్నయ్య కూర్చోలేదు. నిలబడే ఆట నడిపాడు. మొదటి ఊరు దాటింది. రెండో ఊరి గట్టు వచ్చింది. దిగే బాతుల్ని లెక్కపెట్టడానికి వదిన వేలు ఎత్తింది. మొదటి బాతు కాలెత్తింది.

టప్.

వదిన వేలు గాల్లోనే ఆగిపోయింది. నీళ్ల అడుగున పసుపుపచ్చ ముక్కు పైకెత్తుకుని బాతు నడిచిపోయింది.

"ఒక్కసారికే," అన్నాడు అన్నయ్య. "తాతయ్య మీద ఎన్ని వందలసార్లు నడిపానో! మేడమ్, మీవాళ్లు కూడా చూశారు కదా?"

"మావాళ్లు మొదటి ఊరు వరకే ఆడి సరే అన్నారు," అంది మేడమ్. ఆ మాట ఆవిడకే రుచించినట్టు లేదు. "పోతే, ఇంకో విషయం. ఇందాకే చెబుదామనుకున్నాను. సాయంత్రం దాకా ఎందుకని నేనే ముందుకి జరిపాను. మీ ఆట పొద్దుటినించే అమ్మకంలో ఉంది."

కింద దుకాణం షట్టరు ఎవరో సగం దించిన చప్పుడు వినిపించింది.

అన్నయ్య తన బల్ల దగ్గరికి వెళ్లి కుర్చీ వెనక్కి లాగాడు. ఆ కుర్చీలో ఇంతవరకు ఇంకొకరు కూర్చోలేదు. వదిన కూడా కూర్చోలేదు. చెల్లెలి వైపు తిరిగి, "కూర్చో," అన్నాడు. "నీ నియమం నా దాంట్లో పెట్టు. నేను పెడితే రేపటికవుతుంది."

తొందరమ్మ కూర్చుంది. కుర్చీ ఆమెకు ఎత్తుగా ఉంది, కాళ్లు నేలకు సరిగ్గా ఆనలేదు. అయినా భయం వేయలేదు. దొంగ ఎవరో తెలిశాక తాళం వేయడమెంతసేపు? "బాతు ఒక్కటే కదన్నయ్యా, దీపాలు పెట్టేలోగా అందరికీ కొత్తది పంపించేద్దాం," అంటూ అన్నయ్య రాసినది తెరిచింది.

అప్పుడే ల్యాండ్‌లైన్ మోగింది.

"కళ్లద్దాల షాపు కోసమై ఉంటుంది," అంటూ వదిన అలవాటుగా ఎత్తింది. విన్నది. కళ్లద్దాల సంగతి కాదు. రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకుని తొందరమ్మకు అందించింది. "ఎవరో పెద్దావిడ. ఆట గురించట."

"చెప్పండమ్మా," అంది తొందరమ్మ.

"ఏం తల్లీ, ఈ బాతులాట మీదేనా?" పెద్దావిడ గొంతు గట్టిగానే ఉంది, గదిలో అందరికీ వినిపించింది. "పొద్దున్నే కొనిచ్చాడు మా మనవడు. ఒక బాతు కాలువలో మునిగిందమ్మా."

"తెలుసండీ. దాన్నే సరిచేస్తున్నాం. ఇవాళే మీకు కొత్తది వచ్చేస్తుంది, ఏం కంగారు పడకండి."

"నాకేం కంగారు? పోతే పోయిందిలే, మిగతావాటినన్నా దక్కించుకుందామని ఆ కొండలూ గుట్టలూ ఎక్కించి, కుక్కల్ని తప్పించి, ఒక్కదాన్ని కూడా పోనివ్వకుండా తీసుకొచ్చాను. ఇప్పుడే అమ్మమ్మ గారి ఇంటికి చేరాం."

"చాలా బాగా ఆడారండీ!"

"ఆడాన్లే గానీ, నేనడిగేది అది కాదు." పెద్దావిడ ఊపిరి పీల్చుకుంది. "బాతులన్నీ ఇంటికొచ్చేశాయి తల్లీ. ఇల్లేదీ?"